జవాబు రాని ప్రశ్న, దొరికిన సమాధానం: ఏలూరు, కొల్లేటి సీమ తొలి విశ్వాసుల కథ

 

ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది నిరాశ గురించి. ఏలూరులో ఉన్నా, తాడేపల్లిగూడెంలో ఉన్నా, కొల్లేటి లంకల్లో ఉన్నా ఇది మనకి కొత్త సంగతి కాదు. చెరువులో చేప ఒక్క రాత్రిలో తేలిపోతుంది. కోతకొచ్చిన చేను తుఫానుకి పడిపోతుంది. గల్ఫ్‌కి వెళ్ళిన మనిషి అప్పుతో తిరిగొస్తాడు. నాలుగోసారి రాసిన పరీక్ష కూడా పోతుంది. కుదిరిందనుకున్న సంబంధం ముహూర్తం ముందు తప్పిపోతుంది. అప్పుడు మోకాళ్ళ మీద పడి మనం అడిగేది ఒకటే మాట: ఎందుకు ప్రభువా?

ఇక్కడ మన భాషలోనే ఒక చిత్రం ఉంది, గమనించండి. మామూలుగా మనం సమాధానం అంటే జవాబు అని అర్థం. బడిలో ప్రశ్నకి రాసేది సమాధానం. కానీ మన పాత తెలుగు బైబిల్లో సమాధానము అంటే చాలా చోట్ల శాంతి అని అర్థం. పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో ఉన్నది ఆ మాటే. మనుషుల తెలివికి అందనిది అని ఆయన చెప్పింది కూడా ఆ సమాధానం గురించే. అది రాసినప్పుడు పౌలు ఉన్నది చెరసాలలో, సంకెళ్ళలో.

అంటే మనం దేవుణ్ణి ఒక సమాధానం అడుగుతాం, ఆయన ఇంకో సమాధానం ఇస్తాడు. మనం అడిగేది జవాబు, ఆయన ఇచ్చేది నెమ్మది. ఈ రెండూ ఒకటి కాదు. ఈ తేడా తెలియక చాలామంది నష్టం వచ్చిన రోజున విశ్వాసాన్ని కూడా పోగొట్టుకుంటారు. ఈ తేడా మన ప్రాంతపు చరిత్రలో చాలా స్పష్టంగా కనబడుతుంది. మన సంఘాలకి పునాది వేసినవాళ్ళ జీవితాలు చూస్తే, అవి విజయగాథలు కావు. ఎక్కువ భాగం ఓటములే.

ముందు ఆ రోజుల్లో ఈ సీమ ఎలా ఉండేదో చూద్దాం. 1830ల్లో గోదావరికి ఆనకట్ట లేదు. ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు. 1832-33లో వచ్చిన నందన కరువుకి గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయిపోయాయి. దాని దెబ్బ ఇటు కృష్ణా, గోదావరి సీమలకీ తగిలింది. సరిగ్గా ఆ కరువు దాటిన కొన్నాళ్ళకి, 1836లో, ఇంగ్లండులోని డెవాన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో సహా వచ్చారు. వాళ్ళని పిలుచుకొచ్చింది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. పెద్ద చదువులున్నవాళ్ళు కాదు, చేతిపని చేసుకుని బతికినవాళ్ళు. నరసాపురం, పాలకొల్లు వైపు స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అని మనం తర్వాత పిలుచుకున్నది అక్కడే మొదలైంది.

వాళ్ళకి తెలుగు నేర్చుకోవడానికే ఏళ్ళు పట్టింది. వినేవాళ్ళు ఉన్నారు గానీ, నమ్మి బయటికొచ్చేవాళ్ళు లేరు. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు, వేలమంది కూలీలు అక్కడ చేరారు. బౌడెన్ అక్కడికి వెళ్ళి ఆ కూలీల మధ్య సువార్త చెప్పారు. 1852కి ఆనకట్ట అయింది. ఆ నీళ్ళే విజ్జేశ్వరం నుంచి ఏలూరు కాలువగా నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఈ పక్కకి వచ్చాయి. ఆనకట్ట పూర్తయిన మరుసటి ఏడు, 1853లో, జార్జ్ బీర్ చనిపోయారు. ఆయన భార్య ఎలిజబెత్‌కి ఓడ ఎక్కి వెళ్ళిపోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. ఆమె వెళ్ళలేదు. నరసాపురంలోనే ఉండిపోయింది. కొడుకులు కూడా ఆ పనిలోకే వచ్చారు.

ఇప్పుడు బందరు వైపు వద్దాం. అప్పట్లో బందరు పెద్ద రేవు. ఏలూరు వైపు సువార్త వచ్చిన దారుల్లో ముఖ్యమైనది బందరు నుంచి, కొల్లేటి అంచున నడిచొచ్చిన దారే. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరపున ఇద్దరు బందరులో దిగారు. ఒకరు రాబర్ట్ నోబుల్, రెండోవారు హెన్రీ వాట్సన్ ఫాక్స్. నోబుల్ పెళ్ళి చేసుకోలేదు, బడి పెట్టి చదువు చెప్పాలని ఆయన ఆశ. ఫాక్స్ వయసు 24. రగ్బీ బడిలో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు, కొత్తగా పెళ్ళయినవాడు. ఊరూరా తిరిగి వీధుల్లో మాట్లాడాలని ఆయన ఆశ. ఇద్దరూ పని పంచుకున్నారు.

ఫాక్స్ జీవితం చూడండి. బందరు ఎండకి ఆరోగ్యం పాడైంది. నీలగిరికి వెళ్ళి చాలాకాలం ఉండాల్సి వచ్చింది. తిరిగొచ్చి, మళ్ళీ భాష పట్టుకుని, వీధిలో నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంతలో భార్య జబ్బుపడింది. ఆమెనీ పిల్లల్నీ ఇంగ్లండు పంపించాలని 1845 చివర్లో మద్రాసు వెళ్ళారు. అక్కడ, ప్రయాణం గడియల్లోనే, భార్యా పోయింది, పసిబిడ్డా పోయింది. మిగిలిన పిల్లల్ని తీసుకుని ఆయన ఇంగ్లండు చేరాడు.

మనమైతే ఏమంటాం? చాలు ప్రభువా, నా వంతు అయిపోయింది అంటాం. ఫాక్స్ పిల్లల్ని బంధువుల దగ్గర వదిలి మళ్ళీ బందరు వచ్చాడు. ఈసారి ఆయన శరీరమే నిలబడలేదు. 1848లో తిరుగు ఓడ ఎక్కాడు. అదే ఏడు అక్టోబరులో చనిపోయాడు. వయసు 31. మన దేశంలో నికరంగా పనిచేసింది కొద్ది ఏళ్ళే. చెప్పుకోడానికి ఫలం అంటూ ఆయన కళ్ళతో చూసింది దాదాపు లేదు.

ఈయనకి జవాబు దొరికిందా? నా భార్య ఎందుకు పోయింది, నా ఆరోగ్యం ఎందుకు పోయింది, ఇంత దూరం నన్నెందుకు తీసుకొచ్చావు, వీటిలో ఒక్కదానికీ జవాబు దొరకలేదు. కానీ ఆయన చివరి ఏడాదిలో చేసిన పని చూడండి. దక్షిణ భారతదేశంలో మిషను పని గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. నేను వెళ్ళలేను, మీరు వెళ్ళండి అన్నట్టుగా. ఆయన చనిపోయాక రగ్బీ బడివాళ్ళు ఆయన జ్ఞాపకంగా బందరు బడిలో ఒక ఉపాధ్యాయుడి జీతానికి డబ్బు పోగుచేశారు. మనిషి పోయాడు, పని ఆగలేదు. జవాబు లేకుండానే నెమ్మదిగా ఉండగలిగాడు కాబట్టే ఆ పుస్తకం వచ్చింది. కోపంతో, చేదుతో పోయిన మనిషి అలాంటిది రాయలేడు.

ఇప్పుడు నోబుల్ సంగతి. 1843లో ఇద్దరు ముగ్గురు పిల్లలతో బడి మొదలుపెట్టారు. ఈ విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఆ బడిలో మాల, మాదిగ పిల్లల్ని చేర్చుకోలేదు. పైకులాలవాళ్ళు ముందు మారితే కిందివాళ్ళంతా వాళ్ళ వెనకే వస్తారని నోబుల్ లెక్క. తొమ్మిదేళ్ళు ఓపిక పట్టారు. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లల్ని మానిపించేశారు, బడి దాదాపు ఖాళీ అయింది. నోబుల్ మళ్ళీ మొదటికొచ్చారు. ఆ ఇద్దరు కుర్రాళ్ళ సంగతి కూడా ఆలోచించండి. ఇల్లు పోయింది, అమ్మా నాన్నా దూరమయ్యారు. వాళ్ళిద్దరూ నిలబడ్డారు. తర్వాత పాదిరీలుగా అభిషేకం పొందారు.

ఇక 1864 నవంబరు 1. బందరు ఉప్పెన. సముద్రం ఊరి మీదికొచ్చి మైళ్ళ కొద్దీ లోపలికి వెళ్ళింది. సుమారు 30,000 మంది చనిపోయారని లెక్క. జాన్ షార్కీ దంపతులు నడిపే ఆడపిల్లల బడిలో చాలామంది పిల్లలు నీళ్ళలో కొట్టుకుపోయారు. 1977 దివిసీమ ఉప్పెన చూసిన పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు, వాళ్ళకి చెప్పక్కర్లేదు అదెలా ఉంటుందో. ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు అక్టోబరులో నోబుల్ బందరులోనే కన్నుమూశారు. వచ్చిన 24 ఏళ్ళలో ఒక్కసారి కూడా సొంత దేశం వెళ్ళలేదు.

మరి నోబుల్ వేసుకున్న లెక్క ఏమైంది? సువార్త పైనుంచి కిందికి రాలేదు. బెజవాడలో టి. వై. డార్లింగ్ అనే మిషనరీ ఏళ్ళ తరబడి పనిచేసి, ఫలితం లేక అలిసిపోయి ఉన్న రోజుల్లో, ఆయన వెతకని మనిషి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. పేరు పగోలు వెంకయ్య. రాఘవాపురం మాలపల్లెకి పెద్ద. నడివయసు మనిషి. ఒకప్పుడు దోపిడీలు చేసే ముఠాకి నాయకుడని చెప్తారు. విగ్రహాల్లో ఏమీ లేదన్న మాట ఎవరి నోటో విని, అసలు దేవుడెవరో తెలియకుండానే, నువ్వెవరో నాకు కనబడు అని ఏళ్ళ పాటు ప్రార్థన చేశాడట. కృష్ణలో స్నానాల పండగకి బెజవాడ వచ్చినప్పుడు విచారిస్తే, డార్లింగ్ దొర దగ్గరికి వెళ్ళమన్నారు. 1859లో వెంకయ్య, ఆయన మనుషులు బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడినుంచి పల్లె తర్వాత పల్లె కదిలింది.

చూడండి, బడిలో చోటు దొరకని జనం మధ్య నుంచే సంఘం లేచింది. నోబుల్ లెక్క తప్పింది. కానీ ఆ బడిలో చదువుకున్నవాళ్ళే ఆ పల్లెలకి పాదిరీలుగా, ఉపాధ్యాయులుగా వెళ్ళారు. మన ప్లాను ఓడిపోవడం, దేవుని పని ఓడిపోవడం, రెండూ ఒకటి కాదు. మనకి నిరాశ వచ్చేది ఎక్కువసార్లు ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే.

ఏలూరులో సి.ఎం.ఎస్. పని 1854లో మొదలైంది. 1857లో వచ్చిన ఎఫ్. ఎన్. అలెగ్జాండర్ దొర నలభై ఏళ్ళకి పైగా ఈ పనిలోనే ఉన్నారు. ఆయన గురించి పెద్ద కథలేమీ లేవు. ఉండిపోయారు, అంతే. ఒక్కోసారి అదే గొప్ప సాక్ష్యం.

తాడేపల్లిగూడెం వైపు లూథరన్ సంఘాల మూలం రాజమండ్రి మిషన్‌లో ఉంది. దాని కథా ఇలాంటిదే. 1866లో సామర్లకోటలో ఆడమ్ లాంగ్ అనే మిషనరీ మశూచితో చనిపోయాడు. ఆయన పిల్లలు ఇద్దరు కూడా ఆ జబ్బుతోనే పోయారు. మనుషుల్లేక, డబ్బుల్లేక ఆ మిషన్‌ని వేరే సొసైటీకి అప్పగించేద్దామని అమెరికాలో పెద్దలు దాదాపు నిర్ణయించేశారు. 1842లో గుంటూరులో పని మొదలుపెట్టిన ఫాదర్ హేయర్ అప్పటికి ముసలాయన, 76 ఏళ్ళు. 1869లో సభలో లేచి నిలబడి, నేను వెళ్తాను అన్నారు. వచ్చారు. ఒక ఏడాదికి పైగా రాజమండ్రిలో ఉండి, కొత్తవాళ్ళకి పని అప్పగించి వెళ్ళారు. ఆ పనే పెరిగి 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘంలో భాగమైంది. ముగిసిపోయింది అని రాసేసిన కాగితం చెల్లలేదు.

ఇంతవరకూ చరిత్ర. ఇప్పుడు మన సంగతికి వద్దాం.

ఈ రోజుల్లో మన రోడ్ల పక్కన కొన్ని ఫ్లెక్సీలు చూస్తుంటాం. ఈ సభకి రండి, మీ అప్పులు తీరిపోతాయి, మీ కేసులు గెలుస్తారు, మీకు వీసా వస్తుంది అని. దేవుడు చేయలేడని నేను అనడం లేదు. కానీ విశ్వాసం ఉంటే నష్టమే రాదన్నది నిజమైతే, ఫాక్స్‌కి విశ్వాసం లేదనాలి. ఎలిజబెత్ బీర్‌కి లేదనాలి. నీళ్ళలో పోయిన ఆ చిన్నపిల్లల కోసం ఏడ్చిన షార్కీ దంపతులకి లేదనాలి. అలా అనడానికి మీకు నోరు వస్తుందా? రాదు. కాబట్టి ఎవరైనా మీతో, నీకు విశ్వాసం చాలకే ఇలా జరిగింది అంటే, ఆ మాటని గుండెలోకి తీసుకోవద్దు.

యోహాను సువార్త 14వ అధ్యాయం తీసి చదవండి. యేసు తన శాంతిని శిష్యులకి ఇస్తానన్నది ఏ రోజు? ఐదువేలమందికి రొట్టెలు పంచిన రోజు కాదు. పట్టుబడబోయే రాత్రి. తెల్లారితే సిలువ. అదే రాత్రి గెత్సేమనే తోటలో ఆయన ఎంత వేదనపడ్డాడో మనకి తెలుసు. అంటే శాంతి ఉన్న మనిషికి ఏడుపు రాదని కాదు. ఏడుపులో కూడా తండ్రీ అని పిలవగలగడం శాంతి.

హబక్కూకు చిన్న పుస్తకం. ఆ ప్రవక్త మొదలుపెట్టడమే దేవునితో పోట్లాడుతూ మొదలుపెడతాడు, ఎంతకాలం అని. చివరికి వచ్చేసరికి పంట పోయినా, దొడ్లో పశువులు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానంటాడు. మధ్యలో పరిస్థితి ఏమీ మారలేదు. ఆయనే మారాడు. మన వరి రైతుకీ, చేపల రైతుకీ ఆ మూడో అధ్యాయం ఎవరూ వివరించక్కర్లేదు.

కొల్లేరునే చూడండి. అటు కృష్ణా డెల్టా, ఇటు గోదావరి డెల్టా, మధ్యలో పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు పొంగితే ఆ నీళ్ళన్నీ కొల్లేటిలోకే. కొల్లేరు ఆ వరదని ఆపదు. తనలోకి తీసుకుంటుంది, పరుచుకుంటుంది, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి పంపిస్తుంది. మరి గట్లు వేసి, దారి మూసేస్తే ఏమవుతుంది? నీళ్ళు ఊళ్ళ మీదికొస్తాయి. మనసు కూడా అంతే. క్రీస్తునందు శాంతి అంటే వరద రాకపోవడం కాదు. వచ్చిన వరదకి లోపల చోటు, బయటికి ఒక దారి. ప్రార్థన ఆ ఉప్పుటేరు. సంఘంలో మనం నమ్మే ఒక మనిషి ఆ ఉప్పుటేరు. ఎవరికీ చెప్పకుండా గట్టు వేసుకుని కూర్చుంటే, ఏదో ఒక రాత్రి అది తెగుతుంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే తప్పు. శాంతి అంటే నోరు మూసుకుని పడి ఉండటం కాదు. వెంకయ్య మనుషులకి దొరికిన శాంతి వాళ్ళని పడుకోబెట్టలేదు. బడి కావాలని అడిగించింది, చదివించింది, తలెత్తి నడిపించింది. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేకుండా పోయింది. తర్వాత 1956లో సిక్కు దళితులకీ, 1990లో బౌద్ధ దళితులకీ ఇచ్చారు. మనవాళ్ళు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. అలాగే 2006లో ఆపరేషన్ కొల్లేరులో చెరువు గట్లు తెగినప్పుడు, సరస్సు బతకాలన్నదీ నిజమే, ఆ చెరువు మీదే బతికిన పేద కుటుంబం రోడ్డున పడిందన్నదీ నిజమే. అలాంటివాళ్ళ దగ్గరికి వెళ్ళి శాంతిగా ఉండండి అని ఊరికే చెప్పి వచ్చేస్తే అది సువార్త కాదు. మనసులో నెమ్మది ఉన్నవాడే న్యాయం కోసం ద్వేషం లేకుండా, విసుగు లేకుండా ఎక్కువకాలం నిలబడగలడు.

మరి ఈ రోజే నిరాశలో ఉన్నవాళ్ళకి ఏం చెప్పాలి? రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా బదరీ చెట్టు కింద కూర్చుని, నా ప్రాణం తీసెయ్ అంటాడు. ఎంత గొప్ప ప్రవక్త! దేవుడు ఆయనకి వెంటనే ప్రసంగం చెప్పలేదు, గమనించారా? నిద్రపోనిచ్చాడు. రొట్టె, నీళ్ళు పెట్టించాడు. మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ తినిపించాడు. తర్వాతే మాట్లాడాడు. మీ ఇంట్లో అలా కూర్చున్నవాళ్ళు ఉంటే ముందు వాక్యం అప్పజెప్పకండి. పక్కన కూర్చోండి, అన్నం పెట్టండి, చెప్పేది వినండి. నిద్ర పట్టక, బతకాలనిపించక రోజులు గడుస్తుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, అది అవిశ్వాసం కాదు. ప్రభుత్వం టెలి-మానస్ అని 14416 నంబరు ఇచ్చింది. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. రాసిపెట్టుకోండి, మీకు కాకపోయినా పక్కింటివాళ్ళకి పనికొస్తుంది.

రెండో సంగతి. ఫలం మన కళ్ళతో చూడాలన్న పట్టుదల కొంచెం వదలండి. ఫాక్స్ పేరు ఈ రోజు ఏలూరు సంఘాల్లో ఎంతమందికి తెలుసు? చాలా తక్కువమందికి. కానీ ఆదివారం పొద్దున్న కాలువ గట్టు మీద తెల్ల చీరలు కట్టుకుని, బైబిలు సంచి పట్టుకుని నడిచి వెళ్ళే అమ్మలందరూ ఆయన చూడని పంటే. మీ పిల్లల కోసం మీరు చేసే ప్రార్థన కూడా అలాంటిదే కావచ్చు.

మూడోది, ఎందుకు అని అడగడం మానెయ్యక్కర్లేదు. హబక్కూకు అడిగాడు, యోబు అడిగాడు, సిలువ మీద యేసు కూడా అడిగాడు. అడగండి. ఒక సమాధానం రాకపోవచ్చు. ఇంకో సమాధానం వస్తుంది. అది వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది. పరిస్థితి అదే, అప్పు అదే, ఖాళీ కుర్చీ అదే, కానీ ఆ రాత్రి నిద్ర పడుతుంది.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, ఈ మాటలు వింటున్నవారిలో చేను పోయినవారున్నారు, మనిషి పోయినవారున్నారు, ఆశ పోయినవారున్నారు. వారి ప్రశ్నలు నీకు తెలుసు. వారిని తొందరపెట్టకుండా, ఏలీయాకి చేసినట్టు ముందు బలమివ్వు, నిద్రనివ్వు, తోడుగా ఒక మనిషినివ్వు. నీ సమాధానము వారి ఇళ్ళలో ఉంచు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

వచ్చే ఎపిసోడ్‌లో దుమ్మగూడెం వైపు వెళ్దాం. గోదావరి పైన కాలువ పనులకి వచ్చిన ఇంజనీరు హేగ్ దొర, అక్కడి కోయల మధ్య సువార్త ఎలా మొదలైందన్నది చెప్పుకుందాం. మీ ఊరి సంఘం ఎప్పుడు మొదలైందో, మొదట ఎవరింట్లో కూడుకున్నారో మీ పెద్దవాళ్ళని ఈ వారమే అడిగి రాసిపెట్టండి.